మెయిన్ స్విచ్ పక్కన చోటు

చేపల వేట మీద నిషేధం ఎత్తేసి బోట్లు సముద్రంలోకి వెళ్ళిన కొద్ది రోజులకే ఉప్పాడ మీద ఉరుములు మొదలయ్యాయి. ఆ మధ్యాహ్నం వెంకటదుర్గ డాబా మీద ఎండబెట్టిన చేపలు గబగబా బుట్టలోకి ఎత్తుకుంటోంది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ వైపు కళ్ళు చెదిరే వెలుగు. వెలుగూ చప్పుడూ ఒక్కసారే వచ్చాయి. కింద ఇంట్లో ఏదో టప్పుమని పేలింది. ఆమె బుట్ట అక్కడే వదిలేసి మెట్లు దిగి వచ్చేసరికి ముందుగది నిండా కాలిన వాసన. కిటికీ పక్కన బల్ల మీద వైర్‌లెస్ సెట్టు ఆరిపోయి ఉంది.

మీటలన్నీ నొక్కి చూసింది. గుడ్డతో తుడిచింది. ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టింది. ఎందులోనూ ప్రాణం లేదు.

ఆ సెట్టు ఆమెది కాదు, బోట్ల సంఘానిది. ఆ వీధిలో అందరికంటే ఎత్తయిన డాబా వాళ్ళదే కాబట్టి సంఘం వాళ్ళు అక్కడ యాంటెన్నా నిలబెట్టి, సెట్టు వాళ్ళింట్లో పెట్టారు. ఒడ్డు కాస్త దూరమైతే ఫోన్లకు సిగ్నల్ ఉండదు. ఆ తర్వాత బోటుకీ ఇంటికీ మధ్య మాట నడిచేది ఆ సెట్టులోనే. రోజూ దీపాలు పెట్టే వేళకు ఆడవాళ్ళు వచ్చి వెంకటదుర్గ అరుగు మీద కూర్చునేవారు. ఆమె మైకు పట్టుకుని ఒక్కొక్క బోటునూ పేరు పెట్టి పిలిచేది. అవతలనుంచి గరగరమనే చప్పుడులో మగవాళ్ళ గొంతులు వచ్చేవి. చేపలు పడ్డాయా, ఒంట్లో ఎలా ఉంది, పిల్లాడికి జ్వరం తగ్గిందా. అంతకు మించి ఎవరూ మాట్లాడేవారు కాదు, ఒకరి మాట అందరికీ వినపడుతుంది గనక.

వెంకటదుర్గ భర్త ముసలయ్య ‘గంగాభవాని’ అనే బోటుకు సరంగు. బోటు నడిపేదీ, ఎటు వెళ్ళాలో తేల్చేదీ అతనే. కూతురు దుర్గాశ్రీ కాకినాడలో నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటోంది. అతను వేటకు వెళితే ఇంట్లో వెంకటదుర్గ ఒక్కతే.

అయితే ఆమె బెంగ ఒంటరిగా ఉన్నందుకు కాదు. అది ఎవరికీ చెప్పుకునేది కూడా కాదు. నిషేధం ఉన్నన్నాళ్ళూ ముసలయ్య ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్నే వలలు బాగుచేసుకునేవాడు, పెట్టింది తినేవాడు, సాయంత్రం అరుగు మీద సముద్రం వైపు తిరిగి కూర్చునేవాడు. ఏం అడిగినా “ఊఁ” అనో “చూద్దాంలే” అనో సరిపెట్టేవాడు. కోపం లేదు, తాగుడు లేదు, చెడ్డ మాట లేదు. మంచి మాటా లేదు. అదే మనిషి బోటెక్కి వెళ్ళాక సెట్టులో, “దుర్గా, అన్నం తిన్నావా? ఇక్కడ తూర్పున మబ్బు పట్టింది, డాబా మీద బట్టలు తీసెయ్యి” అనేవాడు. ఆ గొంతులో ఎంత దగ్గరితనం ఉండేదంటే, వెంకటదుర్గ మైకు కింద పెట్టడం మరిచిపోయేది. మనిషి పక్కనున్నప్పుడే మనిషి కోసం ఎక్కువ బెంగగా ఉండేది ఆమెకు. వెళ్ళాకే కాస్త ఊరట.

ఇప్పుడు ఆ గొంతు కూడా లేదు.

సంఘం కార్యదర్శి తాతాజీ మర్నాడే వచ్చి సెట్టు పట్టుకెళ్ళాడు. సాయంత్రానికి వేరే సెట్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“అది ఇక పనికిరాదమ్మా. లోపల అంతా మసైపోయింది” అన్నాడు. “యాంటెన్నా వైరుకి మనం ఎప్పుడో రక్షణ పెట్టించేం కదా, అటునుంచి కాదంట. కరెంటు లైనులోంచి వచ్చి కొట్టిందంట. మన దగ్గర ఇదొక్కటే ఉందమ్మా. ఇదీ పోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను. కొత్తపల్లినుంచి ఒకమ్మాయిని పంపుతాను, ముందు మీ కరెంటు బోర్డు సంగతి చూడనివ్వండి. అందాకా దీని ప్లగ్గు పెట్టకండి.”

“ఈ పూట ఒక్కసారి పెట్టి చూద్దామండి” అంది వెంకటదుర్గ.

తాతాజీ ఆకాశం వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

ఆ అమ్మాయి మర్నాడు పొద్దున్నే స్కూటీ మీద వచ్చింది. పేరు మెర్సీ. ముప్ఫై దాటి ఉంటాయి. ఐటీఐ చదివి ఇళ్ళకు వైరింగు పనులు చేస్తుంది. భుజాన పనిముట్ల సంచీ. గుమ్మం పక్కన ఇంటి స్విచ్‌లన్నీ ఉండే డీబీ బాక్సు మూత విప్పి, టార్చి వేసి కాసేపు చూసి, సంచిలోంచి అరచేతిలో పట్టే తెల్లటి పెట్టె ఒకటి తీసింది. దానికి చిన్న కిటికీ, కిటికీలో పచ్చరంగు.

“దీన్ని సర్జ్ ప్రొటెక్టర్ అంటారక్కా. లైన్లో కరెంటు ఒక్కసారిగా పొంగితే, ఆ పొంగుని లోపలికి రానివ్వకుండా భూమిలోకి దించేస్తుంది.”

“అయితే సెట్టు పక్కనే పెట్టు” అంది వెంకటదుర్గ. “కాలిపోయేది అదే కదా. బల్ల మీద చోటుంది.”

మెర్సీ నవ్వింది. “అక్కా, సముద్రం పొంగితే మీ వీధిలోకి నీళ్ళు ఎటునుంచి వస్తాయి?”

“రాళ్ళగోడ తెగిన చోటునుంచి.”

“మరి ఇసక బస్తాలు అక్కడ వేస్తారా, మంచం పక్కన వేస్తారా?”

సెట్టు పోయిన తర్వాత వెంకటదుర్గకు నవ్వు రావడం అదే మొదలు.

“ఇదీ అంతే. వీధిలో కరెంటు మీటర్లోంచి మెయిన్ స్విచ్‌కి వస్తుంది. అక్కణ్ణించి ఇల్లంతా పంచుకుంటుంది. కాబట్టి మెయిన్ స్విచ్ దాటగానే, మిగతా స్విచ్‌లన్నిటికంటే ముందు దీన్ని పెట్టాలి. సెట్టు దగ్గర ఇంకో చిన్నది పెట్టుకోవచ్చు, తప్పులేదు. కానీ ముందు ఇక్కడ ఉండాలి.”

బాక్సులో మెయిన్ స్విచ్ పక్కన ఖాళీ లేదు. ఫ్యాన్లూ, లైట్లూ, మోటారు స్విచ్‌లు వరసగా బిగించి ఉన్నాయి. ఖాళీ ఉన్నది అటు చివర. మెర్సీ మెయిన్ ఆపి, ఆ స్విచ్‌లు ఒక్కొక్కటే విప్పి అటు జరపడం మొదలుపెట్టింది. వెంకటదుర్గ గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. ఇంత పని ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

“ఆ చివర ఖాళీ ఉందిగా అమ్మా. అక్కడ బిగించెయ్యి. సాయంత్రానికి బోట్లు పలుకుతాయి.”

“అక్కడ పెడితే వైరు పొడుగైపోతుంది. పిడుగు దెబ్బకి మూరెడు వైరు కూడా ఎక్కువేనక్కా. ఆ పొంగు ఈ వైరు వెంట తిరిగి వెళ్ళేలోపు సెట్టుని కొట్టేస్తుంది. దీని వైర్లు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.” కొంచెం ఆగి, “ఎవరున్నారక్కా బోటు మీద?” అని అడిగింది.

“మా ఆయన.”

మెర్సీ చేతులు కాస్త త్వరపడ్డాయి.

మధ్యాహ్నానికి మెయిన్ స్విచ్ పక్కన చోటు సిద్ధమైంది. మెర్సీ పెరట్లోకి వెళ్ళి ఎర్త్ కడ్డీ పాతిన చోట తవ్వింది. కడ్డీ పట్టుకుని ఊపితే సగానికి విరిగి చేతిలోకి వచ్చేసింది. ఉప్పునేల దాన్ని తినేసింది. మిగిలిన ముక్క చెక్క బెరడులా రాలుతోంది.

“ఇలా ఉంటే నేను పెట్టింది పెట్టినట్టే ఉంటుంది గానీ పని చెయ్యదు” అంది మెర్సీ. “పొంగు దిగడానికి భూమిలోకి దారి ఉండాలి కదా. రాగి పూత ఉన్న కడ్డీ కావాలి. పిఠాపురంలో దొరుకుతుంది. ఈ పూట కొట్టు కట్టేస్తారు. రేపు పొద్దున్న తెచ్చి పాతేస్తాను.”

“రేపా?”

“రేపే అక్కా. అందాకా సెట్టు ప్లగ్గు పెట్టొద్దు. మబ్బు చూడండి ఎలా ఉందో.”

ఆమె వెళ్ళాక వెంకటదుర్గ అరుగు మీద కూలబడింది.

దీపాలవేళకు ఆడవాళ్ళు ఎవరూ రాలేదు, సెట్టు పలకదని తెలుసు కనక. రత్తమ్మ ఒక్కతే వచ్చింది. ఆమె కొడుకు గంగాభవాని మీదే వల లాగే కలాసీగా ఉన్నాడు. అరవై దాటిన మనిషి, చెవులు సరిగా వినపడవు. అందుకే రోజూ సెట్టుకు చెవి ఆనించి కూర్చునేది.

“కొత్త సెట్టు వచ్చిందంట కదే” అంది.

“వచ్చింది పిన్నీ. రేపటిదాకా పెట్టొద్దన్నారు.”

“రేపంటే ఎలాగే? వాడి గొంతు విని ఎన్నాళ్ళయ్యింది! ముద్ద దిగడం లేదు నాకు. ఒక్కసారి పెట్టు. ‘అమ్మా’ అన్నాక పీకేద్దాం. ఆ మాత్రానికే పిడుగు పడిపోతుందా?”

వెంకటదుర్గ లేచి లోపలికి వెళ్ళింది. ప్లగ్గు చేతిలోకి తీసుకుంది. మెయిన్ వేసే ఉంది, లైటు వెలుగుతోంది. ఈ వేళకు ముసలయ్య బోటు గదిలో కూర్చుని, సెట్టు మీట నొక్కి పిలుస్తూ ఉంటాడు. పలికే మనిషి లేక మళ్ళీ పిలుస్తూ ఉంటాడు. ఇంట్లో ఏమైందో అనుకుంటాడు. ప్లగ్గు సాకెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. దూరంగా సముద్రం మీద ఒక మెరుపు తీగ పాకి ఆరిపోయింది. ఉరుము వినపడలేదు.

ఆమె ప్లగ్గు వదిలేసింది. వైరు చుట్టచుట్టి సెట్టు వెనక్కి నెట్టేసింది.

“పెట్టను పిన్నీ. ఇవాళ విని రేపటినుంచి అసలే వినపడకపోతే నేను బతకలేను.”

అన్నాక తనకే ఆశ్చర్యం వేసింది. ఆ మాట అంతవరకు తనలో కూడా అనుకోలేదు.

రత్తమ్మ కోపంగా లేచింది. “నీ మొగుడు నీకు కావాలి గానీ, నా కొడుకు నాకు అక్కర్లేదనుకున్నావా?” అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు మెర్సీ చెప్పిన వేళకే వచ్చింది. గొయ్యి లోతుగా తవ్వి, కొత్త కడ్డీ దించి, చుట్టూ ఎర్తింగు పొడి పోసి, నీళ్ళు పోయించింది. కడ్డీనుంచి మందపాటి పచ్చ వైరు గోడ వెంట వంకర లేకుండా తిన్నగా బాక్సులోకి తెచ్చింది. తెల్ల పెట్టెను మెయిన్ స్విచ్‌ను ఆనించి బిగించింది. దానికీ విడిగా ఒక చిన్న స్విచ్ పెట్టింది. వైర్లు బెత్తెడు కంటే పొడుగు లేవు. మెయిన్ వేయగానే కిటికీలో పచ్చరంగు మెరిసింది.

“ఇది పచ్చగా ఉన్నంతకాలం పని చేస్తున్నట్టు. ఎర్రగా మారితే, మీ కోసం దెబ్బ తిని అయిపోయిందని అర్థం. అప్పుడు నాకు ఫోన్ చెయ్యండి, లోపలి ముక్క మారుస్తాను. ఇది ఉంది కదా అని ఉరుముల్లో సెట్టు పట్టుకుని కూర్చోకండి అక్కా. వీలైతే పీకేసి ఉంచండి.”

వెంకటదుర్గ ఆమె చేతిలో టీ గ్లాసు పెట్టి, ఎండు రొయ్యల పొట్లం కూడా పెట్టింది. మెర్సీ వద్దనలేదు.

ఆ సాయంత్రం సెట్టు పలికింది. అరుగు నిండా ఆడవాళ్ళు. కోపం సంగతి మరిచిపోయి రత్తమ్మ అందరికంటే ముందే వచ్చింది. వెంకటదుర్గ పిలిచింది. “గంగాభవాని, గంగాభవాని, ఉప్పాడ పిలుస్తోంది.” చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. చివరికి వేరే బోటు పలికింది.

“గంగాభవాని బాగా లోతుకెళ్ళిందండి. మాకు అందుతోంది, మీకు అందదు. ఏం చెప్పమంటారు?”

ఏం చెప్పాలి? వెంకటదుర్గ మైకు నోటికి దగ్గరగా పట్టుకుంది. “సెట్టు కాలిపోయిందనీ, ఇవాళే బాగయ్యిందనీ చెప్పండి. అందరం బాగున్నాం అని చెప్పండి.”

కాసేపటికి ఆ గొంతే మళ్ళీ వచ్చింది. “చెప్పేను. సరంగు అడుగుతున్నాడు, మీరు బాగున్నారా అని. అందరూ కాదంట. మీరు.”

అరుగు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. వెంకటదుర్గ ముఖం అటు తిప్పుకుంది. తన మొగుడి మాట పరాయి మనిషి నోటి వెంట వినడం ఎంత కష్టంగా ఉందో, వినకుండా ఉండటం అంతకంటే కష్టమని ఆమెకు తెలిసివచ్చింది. “బాగున్నానని చెప్పండి” అని మైకు పెట్టేసింది.

కొన్నాళ్ళ తర్వాత వచ్చిన గాలివాన అందరికీ గుర్తుండిపోయింది. మధ్యాహ్నం భోజనాల వేళ తాతాజీ పరిగెత్తుకొచ్చాడు. గాలి తిరుగుతోందనీ, బోట్లన్నీ వెంటనే ఒడ్డుకు మళ్ళాలనీ కబురు వచ్చింది. అప్పటికే పడమర ఉరుముతోంది. కబురు విని రత్తమ్మా, మరికొందరు ఆడవాళ్ళూ వచ్చి చేరారు. మామూలుగా అయితే ప్లగ్గు పీకేసే వేళ అది. వెంకటదుర్గ మైకు తీసుకుంది.

ఒక్కొక్క బోటునూ పిలిచి చెప్పింది. కొన్ని వెంటనే పలికాయి. కొన్నిటిని మళ్ళీ మళ్ళీ పిలవాల్సి వచ్చింది. గంగాభవాని పలికేసరికి కిటికీ బయట పగలే చీకటైంది.

“విన్నాను, దుర్గా. వల లాగేస్తున్నాం. కాకినాడ వైపు తిప్పుతాను.” ముసలయ్య గొంతే. బోటు ఈసారి అందేంత దగ్గరలో ఉంది, మధ్యలో ఎవరూ లేరు. “నీ గొంతు వెనకాల ఉరుము వినపడుతోంది. సెట్టు ఆపేసి లోపలికెళ్ళు.”

“ఇంకా పలకాల్సిన బోట్లున్నాయి.”

“చెప్తుంటే నీక్కాదూ? ఆపెయ్యి.”

“నువ్వు బోటు వదిలేసి వస్తావా? నేనూ అంతే.”

ఆ క్షణంలోనే వీధిలో పిడుగు పడింది. లైటు ఒక్కసారి ఎర్రబడి ఆరిపోయింది. పక్కింట్లో టీవీ పేలిన చప్పుడు, ఎవరో కేక. రత్తమ్మ చెవులు మూసుకుని “అయిపోయింది, అయిపోయింది” అంటోంది. వెంకటదుర్గ కదల్లేదు. లైటు మినుకుమని మళ్ళీ వెలిగింది. సెట్టు మీద చిన్న దీపం కూడా వెలిగింది. ఆ గరగరలోంచి అతని గొంతు వస్తోంది. పేరు తప్ప వేరే మాట లేదు. “దుర్గా. దుర్గా. దుర్గా.”

“ఉన్నాను మావా” అంది.

బోట్లన్నీ వినే సెట్టులో ఆమె అతన్ని అలా పిలవడం అదే మొదటిసారి. ఎవరూ నవ్వలేదు.

చివరి బోటు పలికాకే ఆమె ప్లగ్గు పీకింది. గుమ్మం దగ్గరికి వెళ్ళి బాక్సు మూత తీసింది. తెల్ల పెట్టె కిటికీ ఎర్రగా ఉంది.

మర్నాటికి బోట్లన్నీ కాకినాడ చేరాయి. ముసలయ్య ఆటో దిగి, తడి బట్టల మూట అరుగు మీద పడేసి, ఎప్పటిలాగే సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. వెంకటదుర్గ అన్నం పెట్టింది. తిన్నాడు. చెయ్యి కడుక్కుని వస్తూ, మూత తీసి ఉన్న బాక్సు ముందు ఆగాడు.

“ఎర్రగా ఉంది, ఏంటిది?”

ఆమె చెప్పింది. వీధిలోంచి వచ్చే పొంగు గురించి, మెయిన్ స్విచ్ పక్కనే ఎందుకు పెట్టాలో, వైరు ఎందుకు పొట్టిగా ఉండాలో, పెరట్లో కడ్డీని తుప్పు ఎలా తినేసిందో. అతను “ఊఁ” అని వెళ్ళిపోలేదు. “మరి పెరట్లో వైరు ఎటునుంచి తెచ్చేరు?” అని అడిగాడు. ఆమె చేత్తో గోడ వెంట చూపించింది. అతను ఆ పచ్చ వైరు వెంట పెరట్లోకి నడిచాడు. ఆమె వెనకాల వెళ్ళింది. ఇద్దరూ కొత్తగా పూడ్చిన మట్టి దగ్గర నిలబడ్డారు.

“మావా, ఒక మాట అడుగుతాను. సెట్టులో నన్ను అన్నం తిన్నావా అని అడుగుతావు. ఎదురుగా కూర్చుని తింటుంటే ఎప్పుడైనా అడిగేవా?”

ముసలయ్య కాలితో మట్టి సర్దాడు.

“అక్కడుంటే ఇల్లే కనపడుతుందే నాకు. నువ్వు గిన్నె దించడం, తలుపు వెయ్యడం, అన్నీ. ఇక్కడికొస్తే సముద్రం తప్ప ఏం కనపడదు. ఎందుకో తెలీదు.”

“మరి నేనెక్కడుండాలి?”

అతను వంగి పచ్చ వైరు మీది మట్టి దులిపాడు. ఆమెకు ఏడుపు వచ్చింది గానీ కోపం రాలేదు. ఇన్నేళ్ళలో అతను తన లోపలిది ఒకటి తీసి చెప్పడం అదే మొదలు.

సాయంత్రం అతను అరుగు మీదికి వెళ్ళకుండా వంటింట్లోకి వచ్చి పీట వాల్చుకున్నాడు. ఆమె రొయ్యలు వలుస్తుంటే తనూ చెయ్యి వేశాడు. నిన్న వల లాగుతుంటే కెరటం ఎంత ఎత్తు లేచిందో చెప్పబోయి, మధ్యలో ఆగిపోయి, మళ్ళీ మొదలుపెట్టాడు. మాటలు రాని పిల్లాడు చెప్పినట్టు చెప్పాడు. ఆమె తొందరపెట్టలేదు.

మెర్సీ వచ్చి పెట్టెలో ముక్క మార్చింది. గాలి తగ్గింది. బోట్లు మళ్ళీ బయల్దేరాయి. వెళ్ళేరోజు అతను గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, ఆమె భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు. ఆ తర్వాత ఇల్లు ఎప్పటిలాగే ఖాళీ అయింది. బెంగ కూడా ఎప్పటిలాగే వచ్చి కూర్చుంది. కాకపోతే ఇప్పుడు అది తన ఒక్కదానిదే కాదని ఆమెకు తెలుసు.

దీపాలవేళకు అరుగు నిండింది. గంగాభవాని పలికింది. చేపలు ఫరవాలేదన్నాడు, గాలి బాగుందన్నాడు, రత్తమ్మ కొడుకు చేత “అమ్మా” అనిపించాడు. అందరూ వింటున్నారు కాబట్టి చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. అయినా అతను మీట వదల్లేదు. సెట్టులోంచి ఇంజను చప్పుడు వస్తోంది, దాని వెనక నీళ్ళు బోటు పక్కలకు తగిలే చప్పుడు, ఇంకా వెనక ఒక మనిషి ఊపిరి. అతను మీట నొక్కి ఉంచినంతసేపు మిగతా బోట్లేవీ మాట్లాడలేవు. ఏ బోటూ తర్వాత దెప్పలేదు కూడా.

వెంకటదుర్గ కుర్చీ దగ్గరికి జరుపుకుని, సెట్టు మీద చెయ్యి ఆనించి వింటూ కూర్చుంది.